గాలిలో దీపానికి చెయ్యి అడ్డం: రేపటి సంగతి తెలియని రోజుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. చదివిన చదువు అయిదేళ్ల తర్వాత అక్కరకొస్తుందో లేదో తెలియదు. ఆరోగ్యం, సంబంధాలు, ఉండే ఊరు, ఏదీ పక్కా అని చెప్పలేం. ఇలాంటి సందిగ్ధంలో ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలు ఎక్కడ మొదలైనా చివరికి ఒకే చోటికి వస్తాయి: ఇంత తెలియనప్పుడు నేను చేయగలిగింది ఏముంది? నా జవాబులన్నీ ఎరుకతో బతకడం అనే మాట చుట్టూ తిరుగుతాయి. కొన్నిటికి జవాబు పొడుగ్గా చెప్పాల్సి వచ్చింది, కొన్నిటికి రెండు మాటలు చాలు.

ఎరుకతో బతకడం అంటే అసలు ఏమిటి?

మన రోజును నింపే పనుల్లో చాలా వాటిని మనం ఎంచుకోలేదు. అవి వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. కాదనలేక ఒప్పుకున్న బాధ్యత, మొదటి ఉద్యోగం అక్కడ దొరికింది కాబట్టి స్థిరపడిపోయిన ఊరు, కాస్త ఖాళీ దొరికితే చెయ్యి వెతుక్కునే ఫోను. వీటిలో ఏదీ చెడ్డది కాకపోవచ్చు. కానీ ‘ఇది నేను కోరుకున్నదా, ఊరికే సాగిపోతున్నదా?’ అని అప్పుడప్పుడు అడిగి, వచ్చిన జవాబును బట్టి ఒకటో రెండో మార్చుకోవడమే ఎరుకతో బతకడం.

ఇది చెప్పినంత సులువు కాదు. మనిషి మనసు ఉన్నచోటే ఉండటానికి మొగ్గుతుంది. విలియం శామ్యూల్సన్, రిచర్డ్ జెక్‌హౌజర్ అనే ఆర్థికవేత్తలు 1988లో ఈ మొగ్గును ప్రయోగాలతో చూపించారు. ఎదుట ఉన్న దారుల్లో ఒకదాన్ని ‘ఇప్పటికే మీరున్న దారి’ అని చెబితే చాలు, దాన్ని ఎంచుకునేవాళ్లు పెరుగుతారు.

తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, రోజంతటినీ రంగు రంగుల గళ్లలో నింపడం దీనికి అక్కర్లేదు. అలాంటి పట్టికలు గీసి మూడోనాటికే అటకెక్కించినవాళ్లలో నేనూ ఉన్నాను.

రేపేం జరుగుతుందో తెలియనప్పుడు ప్రణాళికలు వేసి ఏం లాభం?

ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లో ఒక తేడా చెప్పాడు. పాచిక వేస్తే ఆరు పడే అవకాశం ఆరింట ఒకటి. ఇలా లెక్కకు అందేది రిస్కు. పదేళ్ల తర్వాత మీ రంగం ఎలా ఉంటుందో ఎవరూ ఇలా అంకెల్లో చెప్పలేరు. లెక్కకు అందని ఈ రెండోది అనిశ్చితి. మనం చేసే పొరపాటు ఏమిటంటే, రెండోదానికి కూడా మొదటిదానికి వేసినట్టే ప్రణాళిక వేస్తాం. ఒకే దారి, ఒకే ముహూర్తం, ఒకే ఫలితం. అది తప్పగానే ప్రణాళికలన్నీ దండగ అనుకుంటాం.

అనిశ్చితిలో ప్రణాళిక అంటే చేతిలో కాస్త వదులు ఉంచుకోవడం. కొన్ని నెలలు నెట్టుకొచ్చేంత పొదుపు, ఒకటికి రెండు పనులు చేయగల నేర్పు, అవసరమైతే మొహమాటం లేకుండా తలుపు తట్టగల నలుగురు మనుషులు, పాడు చేసుకోని ఒళ్లు. ఏ విపత్తు వస్తుందో తెలియకపోయినా ఈ నాలుగూ దాదాపు అన్నిటికీ పనికొస్తాయి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనేవాళ్లు ఒక కోవ. అసలు గాలే వీచకూడదని పట్టుబట్టి నిద్ర మానుకునేవాళ్లు ఇంకో కోవ. ఈ రెంటికీ మధ్య, దీపానికి చెయ్యి అడ్డం పెట్టడమనే మామూలు పని ఒకటుంది. ఇక్కడ చెప్పేవన్నీ దాని గురించే.

చెడు జరగడం కన్నా, ఏం జరుగుతుందో తెలియకపోవడమే ఎక్కువ బాధిస్తోంది. నాలోనే ఏదైనా లోపం ఉందా?

లోపమేమీ లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 45 మంది కంప్యూటర్ ఆట ఆడారు. తెర మీది రాళ్ల కింద పాము ఉందో లేదో ఊహించాలి. పాము ఉంటే చేతికి నొప్పి పుట్టించే చిన్న షాక్ తగులుతుంది. షాక్ తప్పదని తెలిసినప్పుడు కాదు, తగిలే అవకాశం సగానికి సగం ఉన్నప్పుడే వాళ్లలో ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. పరీక్ష ఫలితాల కోసం, వైద్య నివేదిక కోసం ఎదురుచూసిన ఎవరికైనా ఇది కొత్త సంగతి కాదు.

ఈ అసహనానికి ఇంకో ముఖం ఉంది. తెలియనిదాన్ని తప్పించుకోవడానికి తెలిసిన కష్టాన్నే పట్టుకుని వేలాడతాం. ఆర్థికవేత్త డేనియల్ ఎల్స్‌బర్గ్ 1961లో ఒక చిక్కుప్రశ్న వేశాడు. ఒక పాత్రలో ఎర్ర బంతులు, నల్ల బంతులు సగం సగం ఉన్నాయి. ఇంకో పాత్రలో అవే రంగులు ఏ పాళ్లలో ఉన్నాయో తెలియదు. పందెం కాయమంటే ఎక్కువమంది మొదటి పాత్ర వైపే వెళతారు. ఎరుపు మీద కాసినా, నలుపు మీద కాసినా అంతే. రెండో పాత్ర అధ్వానమని వాళ్లకు ఆధారమేమీ లేదు, తెలియదు అంతే. నచ్చని ఉద్యోగంలో ఏళ్ల తరబడి ఉండిపోవడంలో ఈ మొదటి పాత్ర చాలాసార్లు కనిపిస్తుంది.

నా చేతిలో ఉన్నది, లేనిది ఎలా వేరు చేయాలి?

బానిసగా పుట్టి, తర్వాత స్వేచ్ఛ పొంది తత్వం బోధించిన ఎపిక్టెటస్ తన బోధనకు పునాదిగా ఈ గీతే గీశాడు. మన అభిప్రాయాలు, మన పూనికలు మన చేతిలోవి. మన పేరు ప్రతిష్ఠలు, ఆస్తి, చివరికి మన దేహం కూడా పూర్తిగా మన చేతిలోవి కావు. దాదాపు రెండు వేల ఏళ్లుగా ఈ మాట నిలబడింది. కానీ రోజువారీ వాడకానికి రెండు గళ్లు చాలవని నా అభిప్రాయం. మధ్యలో మూడోది కావాలి: ఫలితం నా చేతిలో లేదు, కానీ నా ప్రయత్నం దాన్ని అటో ఇటో కాస్త జరుపుతుంది. ఇంటర్వ్యూలో ఎంపిక కావడం మీ చేతిలో లేదు, సిద్ధపడి వెళ్లడం ఉంది. ఎదుటి మనిషి క్షమించడం మీ చేతిలో లేదు, క్షమాపణ అడగడం ఉంది. జీవితంలో ముఖ్యమైనవి దాదాపు అన్నీ ఈ మధ్య గడిలోనే ఉంటాయి.

గీత రెండు వైపులా తప్పుగా గీయవచ్చు. అంతా విధి అనుకోవడం ఒక తప్పు. లేని పట్టును ఉన్నట్టు ఊహించుకోవడం ఇంకో తప్పు. మనస్తత్వవేత్త ఎలెన్ లాంగర్ 1975లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ లాటరీ టికెట్టును తామే ఎంచుకున్నవాళ్లు దాన్ని తిరిగి అమ్మడానికి, ఎవరో చేతికిచ్చిన టికెట్టు ఉన్నవాళ్ల కన్నా నాలుగు రెట్లకు పైగా అడిగారు. గెలిచే అవకాశం ఇద్దరికీ ఒకటే. వార్తలు గంటకోసారి చూస్తే పరిస్థితి అదుపులో ఉన్నట్టు అనిపించడం కూడా ఈ కోవలోదే.

నాకేం కావాలో నాకే తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

‘నా జీవిత లక్ష్యం ఏమిటి?’ అనే ప్రశ్నతో మాత్రం మొదలుపెట్టకండి. అంత పెద్ద ప్రశ్నకు మనసు పెద్ద మాటలే జవాబుగా ఇస్తుంది. అవి వినడానికి బాగుంటాయి, ఆచరణలో పిసరంత కూడా సాయపడవు.

గడిచిన వారాన్ని కాగితం మీద పెట్టండి. ఏ గంట ఎక్కడ పోయిందో గుర్తున్నంతవరకు రాయండి. మళ్లీ చేయాలనిపించే గంటల పక్కన ఒక గుర్తు, ఇంకెప్పుడూ వద్దనిపించే వాటి పక్కన ఇంకో గుర్తు. మీ విలువలు ఏమిటో ఆ కాగితం చెబుతుంది. కుటుంబమే ముఖ్యం అని నోటితో అంటూ వారంలో వాళ్లతో నిండుగా గడిపింది నలభై నిమిషాలే అయితే, మొదట దిద్దాల్సింది ఎక్కడో తెలిసిపోతుంది.

ఇంకో దారి కాస్త సిగ్గు కలిగించేది: ఎవరిని చూస్తే అసూయ పుడుతోంది? అసూయ పైకి చెప్పుకోలేని కోరిక. కాకపోతే దాన్ని విడదీసి చూడాలి. స్నేహితుడి కొత్త ఉద్యోగం చూసి కుళ్లుకున్నప్పుడు, మీకు కావలసింది ఆ హోదానా, లేక అతను సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండటమా? రెండోదైతే అందుకు ఉద్యోగం మారాల్సిన అవసరం కూడా ఉండకపోవచ్చు.

ఏదీ తేలకపోతే, అక్కర్లేనివి రాయండి. కావలసినవి తెలియనివాళ్లకు కూడా వద్దనుకునేవి బాగానే తెలుస్తాయి.

నిర్ణయం తీసుకోలేక నెలలు గడుస్తున్నాయి. ఏం చేయాలి?

ఎక్కువమంది అసలు బాధ ఇదే. ఒకసారి నేను ఒక కొలువు వదలాలా వద్దా అని పదకొండు నెలలు నలిగాను. ఆ పదకొండు నెలల్లో కొత్తగా తెలిసిన విషయం ఒక్కటీ లేదు. అవే లెక్కలు, అవే భయాలు, రాత్రికో రకంగా. ఆలోచిస్తున్నానని అనుకున్నాను, నిజానికి భయాన్ని నెమరు వేస్తున్నాను. ఆ తేడా పట్టుకోవడానికి ఒకే పరీక్ష: గత నెల రోజుల్లో ఈ విషయంపై కొత్త సమాచారం ఏదైనా సంపాదించారా? లేకపోతే ఆలోచన ఎప్పుడో ఆగిపోయింది.

ముందుగా చూడాల్సింది, వెనక్కి రాగల నిర్ణయమా కాదా అన్నది. అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ 2015 సంవత్సరానికి వాటాదారులకు రాసిన లేఖలో ఈ తేడాను తలుపులతో పోల్చాడు. కొన్ని తలుపులు దాటితే తిరిగి రాలేం, కొన్నిటిలోంచి వచ్చేయవచ్చు. వ్యాపారం సంగతి ఎలా ఉన్నా, సొంత జీవితంలో ఈ విభజన చాలా ఊరటనిస్తుంది. కొత్త కోర్సులో చేరడం, ఇల్లు మారడం, ఒక బాధ్యత వదులుకోవడం ఎక్కువగా తిరిగి రాగల తలుపులే. పిల్లల్ని కనడం, పెద్ద అప్పు నెత్తిన వేసుకోవడం, ఆవేశంలో ఒక బంధాన్ని తెంచేయడం అలాంటివి కావు. ‘ఆలస్యం అమృతం విషం’ అనీ, ‘నిదానమే ప్రధానం’ అనీ మనకు రెండు సామెతలూ ఉన్నాయి. మొదటిది తిరిగి రాగల తలుపులకు, రెండోది తిరిగి రాలేనివాటికి. మనమే తారుమారు చేసి వాడుతుంటాం.

తర్వాత, అన్నిటికన్నా మేలైనది కోసం వెతకడం మానండి. హెర్బర్ట్ సైమన్ 1950లలోనే చెప్పిన సంగతి ఇది: ఉన్న దారులన్నీ తూచి ఉత్తమమైనది ఎంచుకునేంత సమాచారం, సమయం మనిషికి ఉండవు. సరిపోయే హద్దు ఒకటి పెట్టుకుని, దాన్ని అందుకున్న మొదటిదాన్ని తీసుకోవడమే మనిషి నిజంగా చేయగలిగేది. ఆయనకు 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వెతకడానికి ముందే ఆ హద్దు రాసుకోండి. వెతుకుతూ పోతే హద్దు కూడా జరుగుతూ పోతుంది.

చివరగా ఒక తేదీ పెట్టండి. నోటుపుస్తకంలో నాలుగు సంగతులు: ఏం నిర్ణయించాను, ఎందుకు, ఏం జరుగుతుందని అనుకుంటున్నాను, మళ్లీ ఎప్పుడు చూస్తాను. ఈ చివరిది మరవకండి. ‘మార్చి 15 వరకు దీని గురించి మళ్లీ తర్కించను’ అని రాసుకున్నాక మధ్య రోజుల్లో పని చేయడానికి మనసు ఖాళీ అవుతుంది.

నాణెం ఎగరేసి నిర్ణయించుకోవడం పిచ్చితనమా?

అంత పిచ్చి కాదు. ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ ఒక వెబ్‌సైటు పెట్టి, ఎటూ తేల్చుకోలేనివాళ్ల కోసం నాణెం ఎగరేయించాడు. 20 వేలకు పైగా నాణేలు ఎగిరాయి. ఉద్యోగం మానాలా, బంధం తెంచుకోవాలా లాంటి ప్రశ్నలు కూడా వాటిలో ఉన్నాయి. పెద్ద విషయాల్లో మార్పు వైపు వెళ్లినవాళ్లు ఆరు నెలల తర్వాత, ఉన్నచోటే ఉండిపోయినవాళ్ల కన్నా సంతోషంగా ఉన్నామని చెప్పారు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: వాళ్లంతా అప్పటికే త్రాసు సరిసమానంగా తూగుతున్నవాళ్లు. అందరూ ఉన్నపళంగా ఉద్యోగాలు మానేయాలని దీనర్థం కాదు. నాణెం అక్కర్లేకుండా కూడా దీని పాఠం వాడుకోవచ్చు. ఎంతకీ తేలకపోతే, ఆ తేలకపోవడానికి భయమే కారణమై ఉండవచ్చు. నాణెం గాల్లో ఉండగా ఏది పడాలని లోపల కోరుకున్నారో గమనిస్తే చాలామందికి నాణెం చూడాల్సిన పని ఉండదు.

తీరా నిర్ణయం తప్పని తేలితే?

ఫలితం చెడిందా, నిర్ణయం చెడిందా? రెండూ ఒకటి కాదు. తాగి బండి నడిపి క్షేమంగా ఇల్లు చేరినవాడి నిర్ణయం మంచిది కాదు, అదృష్టం మంచిది. అన్నీ ఆరా తీసి చేరిన సంస్థ ఏడాదిలో మూతపడితే, అది మీ తెలివితక్కువతనం కాదు. ఈ తేడా తేల్చడానికే నోటుపుస్తకంలో ‘ఎందుకు’ రాసుకోమన్నది. ఫలితం తెలిశాక మన జ్ఞాపకం నిజాయితీగా ఉండదు. ముందే తెలుసు అనో, ఎంత మూర్ఖంగా చేశాను అనో మాట మారుస్తుంది. అప్పటి చేతిరాత మాత్రం మారదు.

పశ్చాత్తాపం గురించి మనస్తత్వవేత్తలు థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1990లలో చేసిన పరిశీలన నాకు చాలా నచ్చుతుంది. దగ్గరి కాలంలో చేసిన పనుల గురించి ఎక్కువగా బాధపడతాం. జీవితం మొత్తం వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు చేయకుండా వదిలేసినవే ఎక్కువగా గుచ్చుతాయి.

మొదటి వారం ఉత్సాహం తర్వాత అన్నీ ఆగిపోతున్నాయి.

ఉత్సాహాన్ని నమ్ముకోవడం మానేస్తే సగం సమస్య తీరుతుంది. ‘వ్యాయామం చేస్తాను’ అనడం సంకల్పం. ‘సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడవకముందే పావుగంట నడిచి వస్తాను’ అనడం ఏర్పాటు. మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ దీనిపై దశాబ్దాలు పనిచేశాడు. ఫలానా సమయం వచ్చినప్పుడు ఫలానా పని అని ముందే ముడిపెట్టుకున్నవాళ్లు, ఊరికే అనుకున్నవాళ్ల కన్నా ఎక్కువగా పూర్తిచేస్తారని ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 అధ్యయనాలను క్రోడీకరించి చూపారు.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటవుతుందన్న మాట కూడా మరిచిపోండి. పరిశోధకురాలు ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి చూస్తే, ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి మధ్యస్థంగా తేలినది 66 రోజులు. కొందరికి 18, కొందరికి 254 కూడా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన కొంప మునగలేదు.

ఫలితం కోసం ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదు. ఈ రోజులు ఎలా గడపాలి?

ధ్రువ అన్వేషకుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ 1914లో అంటార్కిటికాను అడ్డంగా దాటడానికి బయలుదేరాడు. ఎండ్యూరెన్స్ అనే ఆయన ఓడ 1915 జనవరిలో మంచులో చిక్కుకుంది, నవంబరులో మునిగిపోయింది. దాటడమనే లక్ష్యం అక్కడితో పోయింది, మనుషుల్ని ప్రాణాలతో తీసుకురావడం కొత్త లక్ష్యం అయింది. తర్వాత ఆయన అయిదుగురితో చిన్న పడవలో సాయం కోసం వెళ్లాడు. ఎలిఫెంట్ దీవిలో 22 మంది మిగిలారు. పడవ చేరిందో మునిగిందో తెలిసే మార్గం లేదు. నాలుగు నెలలకు పైగా అలాగే ఉన్నారు. అక్కడి బాధ్యత చూసిన ఫ్రాంక్ వైల్డ్ రోజూ ఉదయం పడక సర్దుకోమనేవాడు, నాయకుడు ఈ రోజే రావచ్చు అని. 1916 ఆగస్టు 30న నిజంగానే వచ్చాడు. ఆ ఓడలో వెళ్లిన 28 మందీ బతికారు.

ఆ కథలో నన్ను పట్టుకునేది సాహసం కాదు, పడక సర్దడం. పడవ ఎప్పుడొస్తుందన్నది వైల్డ్ చేతిలో లేదు. వచ్చిన రోజున సిద్ధంగా ఉండటం ఉంది. ఎదురుచూసే రోజులకు ఒక ఆకారం కావాలి: లేచే వేళ, చేయాల్సిన ఒక పని, మాట్లాడాల్సిన ఒక మనిషి. మిగిలింది గడుస్తుంది. మనసులో గిర్రున తిరిగే అసంపూర్తి పనుల మాటకొస్తే, వాటిని పూర్తిచేయాల్సిన అవసరం కూడా లేదు. ఎప్పుడు, ఎలా చేస్తామో రాసుకున్నా అవి వెంటాడటం తగ్గుతుందని మనస్తత్వవేత్తలు మాసికాంపో, బామైస్టర్ 2011లో చూపించారు.

చెడు జరుగుతుందేమోనని ముందే ఊహించుకోవడం అపశకునం కాదా?

ఊహించి ఊరుకుంటే అది దిగులు, ఊహించి ఒక పని చేస్తే అది జాగ్రత్త. మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ చెప్పిన పద్ధతి ఒకటుంది: మొదలుపెట్టబోయే పని ఏడాది తర్వాత ఘోరంగా విఫలమైందని అనుకోండి. అయిపోయింది, విఫలమైంది. ఇప్పుడు కారణాలు రాయండి. ‘ఏమైనా తప్పవచ్చా?’ అని అడిగితే రాని జవాబులు ‘ఎందుకు తప్పింది?’ అని అడిగితే వరసగా వస్తాయి. వాటిలో రెండింటికి ఇప్పుడే మందు వేయండి. తర్వాత కాగితం మూసేయండి. పడుకోబోయే ముందు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

పదేళ్ల లక్ష్యాలు పెట్టుకోవాలా?

దిశకు పదేళ్లు పెట్టుకోండి, పనికి మూడు నెలలు చాలు. 19 వేలకు పైగా మందిపై జరిగి 2013లో ప్రచురితమైన అధ్యయనాల్లో, గత పదేళ్లలో ఎంత మారారని అడిగితే చాలా అన్నారు, రాబోయే పదేళ్లలో ఎంత మారతారని అడిగితే పెద్దగా మారబోమన్నారు. పద్దెనిమిదేళ్లవాళ్ల నుంచి వృద్ధుల దాకా అదే ధోరణి. పదేళ్ల తర్వాతి మనిషికి మీ ఇప్పటి కోరికలను బిగించి కట్టడం ఆ మనిషికి అన్యాయం.

ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే?

వాళ్లు వద్దంటున్నది మీ నిర్ణయాన్నా, దాని వెంట వచ్చే భయాన్నా అడిగి చూడండి. ఎక్కువగా రెండోదే. ‘ఆరు నెలలు ప్రయత్నిస్తాను, కుదరకపోతే ఇదీ నా ప్రత్యామ్నాయం’ అన్న మాటకు వచ్చే జవాబు, ‘నా జీవితం నా ఇష్టం’ అన్న మాటకు వచ్చే జవాబులా ఉండదు. అప్పటికీ ఒప్పుకోకపోవచ్చు. కొన్ని నిర్ణయాలు వాళ్ల అలకతో కలిపే మోయాలి.

ఇదంతా కాస్త స్థిరపడినవాళ్లకు కదా? రెండు పూటలా పని చేసినా గడవనివాళ్ల సంగతి?

ఈ అభ్యంతరం న్యాయమైనది. ఎంచుకునే వీలు అందరికీ సమానంగా లేదు. సంకల్పం ఉంటే ఏదైనా సాధ్యమని చెప్పేవాళ్ల మాటల్లో అదృష్టం వాటా, ఎవరో భరించిన ఖర్చుల వాటా ఎప్పుడూ కనిపించవు. అప్పు, అనారోగ్యం, మీద ఆధారపడిన మనుషులు ఉన్నప్పుడు ముందు కావలసింది డబ్బు, విశ్రాంతి, తోడు. ఆత్మపరిశీలన తర్వాత. అలాంటి రోజుల్లో దీన్ని ఎంత చిన్నదిగా చేయగలిగితే అంత చిన్నదిగా చేయండి. రోజులో పది నిమిషాలు మీవి అని చెప్పుకోగలిగితే చాలు, అవి నిద్రకు పోయినా సరే.

ఎప్పుడు ఇతరుల సాయం తీసుకోవాలి?

నిద్ర, ఆకలి రెండు వారాలకు పైగా దెబ్బతిన్నా, ఇష్టమైన పనులు కూడా రుచించకపోయినా, ఇది నిర్ణయాల సమస్య కాకపోవచ్చు. వైద్యుణ్ణి కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే వైద్యుడికో దగ్గరి మనిషికో చెప్పండి.

ఆ నోటుపుస్తకం జీవితాంతం రాయాలా?

అక్కర్లేదు. నేను పెద్దవాటికే రాస్తాను, ఏడాదికి ఏడెనిమిది. పదకొండు నెలలు నలిగిన ఆ కొలువు సంగతి అందులో మొదటి పేజీలో ఉంది. వదిలేస్తే ఏమవుతుందని అప్పుడు ఊహించానో మూడు వరుసల్లో రాసుకున్నాను. వాటిలో ఒక్కటీ జరగలేదు, మంచివీ జరగలేదు, చెడ్డవీ జరగలేదు. కింద రాసుకున్న తేదీ రోజున మాత్రం పుస్తకం తెరిచాను.